స్నానాల గదిలో పంట మందు కొట్టకండి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం బోధించి, ప్రస్తుతం విశ్రాంత జీవితం గడుపుతున్న ఉపాధ్యాయురాలిని నేను. ఈ వానాకాలంలో మా కాలనీలో జరిగిన ఒక విషయం మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలిస్తే మరో ఇంట్లో అటువంటిది జరగకుండా ఉంటుందనే ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా, దయచేసి ప్రచురించగలరు.

మా పక్క వీధిలోని ఒక కుటుంబం వారికి, నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన తర్వాత, స్నానాల గది గోడ మొదట్లో బూడిదరంగు పురుగులు వందల కొద్దీ కనిపించాయి. ఆవగింజలో సగం కూడా ఉండవు. చెంబు కింద పెట్టినా, కాలు మోపినా చిటుక్కున ఎగిరి దూరంగా పడతాయి. ఇంట్లో అయిదేళ్ల మనవడికి ఒంటిమీద దద్దుర్లు ఉండటంతో, ఆ పురుగులే కుడుతున్నాయని అందరూ నమ్మారు. పల్లె నుంచి వచ్చిన బంధువు ఒకరు పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును ఒక ఖాళీ నీళ్ల సీసాలో తెచ్చి, బకెట్ నీళ్లలో కలిపి, గోడలకూ నేలకూ చల్లి తలుపు వేశారు. గంట తర్వాత ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా ఆ గదిలోకి వెళ్లాడు. చొంగ కారడం, వాంతులు, ఒళ్లంతా చెమట మొదలయ్యాయి. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. సమయానికి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి రెండు రోజుల చికిత్సతో బిడ్డ బతికి బయటపడ్డాడు. ఆ సాయంత్రం వాళ్ల అమ్మమ్మ మా ఇంటికి వచ్చి, ‘టీచరమ్మా, పురుగులు పిల్లోన్ని ఏమన్నా చేస్తాయేమో అని భయపడి, చేయగూడని పని మేమే చేసుకుంటిమి’ అని ఏడ్చింది. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

ఎందుకంటే, ఆ పురుగులు ఆ బిడ్డను ఏమీ చేసేవి కావు.

వాటిని స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. తోకలో స్ప్రింగు ఉన్నవని ఆ పేరుకు అర్థం. పొట్ట కింద పంగలకర్ర వంటి చిన్న అవయవం ఒకటి ముందుకు మడిచి, ఒక కొక్కేనికి తగిలించినట్టు ఉంటుంది. బెదిరినప్పుడు ఆ కొక్కెం వదులుతుంది, పంగ నేలను తన్నుతుంది, పురుగు తన ఒంటి పొడవుకు ఎన్నో రెట్ల దూరం ఎగిరి పడుతుంది. చాలా జాతులు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. రెక్కలు లేవు, కొండి లేదు, మనిషి చర్మంలోకి దిగే నోరూ లేదు. కుట్టవు, కరవవు, రక్తం తాగవు, ఏ జబ్బునూ మోయవు. చెదల మాదిరి కొయ్యను తినవు, బట్టలను కొరకవు. వాటి తిండి బూజు, పాచి, కుళ్లిన ఆకు. ఆరు కాళ్లున్నా వీటిని ఇప్పుడు శాస్త్రజ్ఞులు కీటకాలలో చేర్చక, వేరే వర్గంగా లెక్కిస్తున్నారు. స్కాట్లాండులోని రైనీ అనే చోట దొరికిన వీటి శిలాజం వయసు సుమారు 40 కోట్ల సంవత్సరాలు. అంటే నేలమీద మొక్కలు ఇంకా చిన్నవిగా, కొత్తగా ఉన్న కాలం నుంచీ ఇవి మట్టిలో ఉన్నాయన్న మాట.

వీటి ఒంటి నిర్మాణంలో ఒక సంగతి తెలుసుకుంటే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. వీటిలో చాలా వాటికి కీటకాలకు ఉన్నటువంటి గాలిగొట్టాలు లేవు. పలుచని చర్మం ద్వారానే ఊపిరి తీసుకుంటాయి. ఆ చర్మం నుంచి నీరు కూడా అంతే తేలికగా ఆవిరైపోతుంది. పొట్ట అడుగున ఉన్న చిన్న గొట్టం వంటి అవయవంతో తడిని పీల్చుకుని ఆ లోటు పూడ్చుకుంటాయి. 19వ శతాబ్దంలో జాన్ లబ్బక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ గొట్టాన్ని చూసే వీటికి కొలెంబోలా అని పేరు పెట్టాడు. గ్రీకులో జిగురు అనే మాట, చీల అనే మాట కలిసిన పేరు అది. కాబట్టి తడి ఉన్నంతసేపే వీటి బతుకు. పొడిగాలిలో పడితే ఎండిపోయి, కొద్ది గంటల్లోనే చచ్చిపోతాయి. మీ ఇంట్లో ఇవి పదులూ వందలూ కనిపిస్తున్నాయంటే, ఎక్కడో ఒకచోట ఆరని తడి ఉంది, ఆ తడిలో బూజు పట్టింది అని అర్థం. వెతకవలసింది ఆ తడిని.

మన సీమలో తడి ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పక్క జిల్లా అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, మన కర్నూలు కూడా కరువు ప్రాంతమే. కానీ నీళ్లు కరువైన చోటే నీళ్లు నిలవ చేసుకోవడం ఎక్కువ. కుళాయి రోజూ రాదు కనుక ప్రతి ఇంట్లో సంపు, మిద్దెమీద ట్యాంకు, స్నానాల గదిలో తొట్టి, వంటింట్లో డ్రమ్ము, వసారాలో బిందెల వరుస ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి ఎప్పుడూ కారుతూనో, చెమర్చుతూనో ఉంటుంది. డ్రమ్ము కింద నేల నెలల తరబడి ఆరదు. డ్రమ్ములోని నీటిమీద బూడిద రాలినట్టు పలుచని పొర కనిపిస్తే వేలితో కదిలించి చూడండి. ఆ బూడిద ఎగిరితే అవి స్ప్రింగ్‌టెయిల్సే. వీటి ఒంటికి నీరు అంటదు కనుక మునగకుండా తేలుతూ ఉంటాయి. దోమల నివారణకు శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పే మాట పాటించి, వారానికొకసారి డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి, లోపల రుద్ది కడిగి ఎండబెట్టే ఇళ్లలో ఈ పురుగుల బాధ కూడా తగ్గడం నేను గమనించాను.

తర్వాత నేల సంగతి. మన జిల్లా ఇళ్లలో చాలా వరకు బేతంచెర్ల బండలే పరుస్తాము. బండ గట్టిది, చల్లనిది, వందేళ్లు ఉంటుంది. లోపం బండలో లేదు, బండల మధ్య సందుల్లో ఉంది. పాత ఇళ్లలో బండలను ఇసుక మీదో, మట్టి మీదో పరిచి, సందులను సిమెంటుతో పూడ్చి వదిలేశారు. ఇరవై ఏళ్లకు ఆ సిమెంటు రాలిపోతుంది. పండగకూ, పూజకూ మనం బకెట్ల కొద్దీ నీళ్లు పోసి ఇల్లు కడుగుతాము. పైన బండ అరగంటలో ఆరిపోతుంది, మనమూ సంతోషిస్తాము. సందుల్లోంచి దిగిన నీరు మాత్రం బండ కింద ఇసుకలో చిక్కుకుని, పైకి ఆరే దారి లేక అక్కడే ఉండిపోతుంది. ఎండాకాలంలో కూడా చల్లగా, తడిగా, చీకటిగా ఉండే ఆ చోటు స్ప్రింగ్‌టెయిల్స్‌కు కట్టించి ఇచ్చిన ఇల్లు వంటిది. సందులు పాడైన ఇంట్లో నేలను తడిగుడ్డతో తుడిస్తే చాలు, నీళ్లు పోసి కడగవద్దు. ఏప్రిల్, మే నెలల్లో బండ కింద వీలైనంత ఆరాక, పాత సిమెంటును గీకి తీసి, నీరు దిగనివ్వని పొడి కలిపిన సిమెంటుతో సందులు మళ్లీ పూడ్పించుకోవాలి. వానాకాలంలో ఆ పని చేయిస్తే తడిని లోపలే బంధించినట్టవుతుంది.

నేల కిందనుంచి తడి వస్తున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. రెండు అడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నేలమీద పరిచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచండి. కాగితం అడుగున నీటి బిందువులు కట్టినా, అక్కడి నేల రంగు ముదిరినా, తడి భూమిలోంచే వస్తున్నది. పైభాగాన నీరు పడితే గదిలోని గాలిలోనే చెమ్మ ఎక్కువగా ఉన్నట్టు.

గోడల నెమ్ము ఇంకో పెద్ద కథ. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు మనది. నదుల పక్కా, కె.సి. కాలువ పక్కా కాపురం ఉన్నవారికి గోడల మొదట్లో ఉప్పు పూయడం, సున్నం పెచ్చులుగా రాలడం కొత్త కాదు. 2009 అక్టోబరు 2న ఊరు వరదలో మునిగినప్పుడు పాతబస్తీలోని మా మేనత్త ఇంట్లో నీళ్లు గుమ్మం మీదుగా వచ్చాయి. నీళ్లు తీసి, బురద ఎత్తి, నెల తిరక్కుండానే గోడలకు రంగు వేయించారు. ఆరని గోడకు రంగు పూస్తే తడి లోపల చిక్కి, రంగు వెనకనే బూజు పెరుగుతుంది. మరుసటి సంక్రాంతికి వెళ్లినప్పుడు రంగు ఉబ్బిన చోటల్లా ఈ పురుగులు గుంపులుగా కనిపించాయి. నేను పాఠాల్లో చెప్పిన జీవిని ఇంట్లో అన్ని వేల సంఖ్యలో చూడటం అదే మొదటిసారి. మా అత్తను ఒప్పించి ఆ రంగు గీకించేశాము. వేసవి గడిచాక గోడ తెల్లగా ఎండింది, పురుగుల జాడ లేకుండా పోయింది.

కొత్త ఇళ్లు కట్టుకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఇటుక గోడలూ, సిమెంటు పూతలూ కట్టేటప్పుడు తాగిన నీరు మెల్లగా నెలల తరబడి బయటికి వస్తుంది. ముహూర్తం దగ్గర పడిందని ఆరని గోడలకు పుట్టీ పెట్టి, రంగులు వేసి, గృహప్రవేశం చేసి, తలుపులూ కిటికీలూ బిగించుకుని కూర్చుంటే, కొత్తింట్లోనే పురుగులు పుట్టాయని దిగులు పడవలసి వస్తుంది. ముహూర్తం మార్చుకోమని నేను అనను. పాలు పొంగించిన తర్వాతైనా ఒక వేసవి గడిచేదాకా గోడలకు కేవలం సున్నం వేసి ఉంచితే ఆ తడి పోయే దారి దొరుకుతుంది.

వేసవిలో కూలర్లు వాడే ఇళ్లలో మరో దారి ఉంది. కూలరు వెనక ఉండే గడ్డి పలకలు ఎప్పుడూ తడిసి ఉంటాయి, పాచి పడతాయి, వాసన వస్తాయి. గది కిటికీలన్నీ మూసి కూలరు వేసుకుంటే ఆ చెమ్మగాలి గోడలకూ, పరుపులకూ పట్టుకుంటుంది. ఎదురు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, గడ్డి పలకలను ఏటా మార్చాలి, వాడకం అయిపోగానే తొట్టిలోని నీరు పారబోసి ఆరబెట్టాలి. ఏసీ నుంచి నీరు జారే గొట్టం, ఫ్రిజ్ వెనక తట్ట, వాషింగ్ మెషీన్ పైపు చివర కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. అయిదేళ్ల కిందట మా వంటింటికీ స్నానాల గదికీ మధ్యనున్న గోడ మొదట్లో ఈ పురుగులు కనిపించాయి. వాటి గురించి పాఠం చెప్పినదాన్నే అయినా, మొదట నేనూ ఫినాయిల్ పోశాను, బజారులో దొరికే స్ప్రే కొట్టాను. రెండు రోజులు తగ్గి, వారం తిరిగేసరికి మళ్లీ అంతే కనిపించేవి. గోడ అడుగున రంగు బొబ్బలు లేవడం చూశాక ఆలోచన మారింది. ఒక రాత్రి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మిద్దెమీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీశాము. తెల్లవారి చూస్తే మట్టం గీత కిందికి దిగిపోయింది. గోడలోపల గీజరుకు వెళ్లే పైపు అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతున్నది. ప్లంబరు వచ్చి టైల్స్ నాలుగు పగలగొట్టి, ఎల్బో ఒకటి మార్చి, అరపూటలో పని ముగించాడు. వెంటనే టైల్స్ అంటించేస్తానన్నాడు, నేను వద్దన్నాను. గోడను మూడు వారాలు తెరిచి ఉంచి, పగలంతా ఫ్యాను పెట్టాము.

ఆ రోజుల్లో పురుగుల సంఖ్య తగ్గుతున్నదో లేదో తెలుసుకోవడానికి వెడల్పాటి టేపును జిగురు వైపు పైకి ఉండేలా గోడ పక్కన రాత్రి పరిచి, పొద్దున భూతద్దంతో చూసేదాన్ని. మొదటి రాత్రి టేపు బూడిద చల్లినట్టు ఉంది. రెండో వారంలో పది పన్నెండు దొరికాయి. అయిదో వారానికి ఒక్కటీ అంటుకోలేదు. ఈ అయిదు వారాల్లో నేను ఏ మందూ వాడలేదు. ఓపిక అవసరం అని చెప్పడానికే ఈ లెక్క రాశాను. మర్నాటికే మాయం కావాలనే తొందరే మనుషులను విషం దగ్గరికి తీసుకుపోతుంది.

అప్పటికప్పుడు కంటికి కనిపించే గుంపులను తీసేయాలంటే సబ్బు నీళ్లు చాలు. బకెట్ నీటిలో కొంచెం అంట్లు తోమే ద్రవం కలిపి, ఆ నీటిలో ముంచిన గుడ్డతో తుడిస్తే, నీరంటని వాటి ఒంటి పొర పట్టు తప్పి మునిగి చస్తాయి. ఆ తర్వాత పొడిగుడ్డతో తప్పనిసరిగా తుడవాలి, లేకపోతే వాటికి కావలసిన తడిని మనమే పోసినవాళ్లమవుతాము. జాలాడిలో, తూము చుట్టూ, తలుపు చట్రం వెనక పట్టిన పాచిని కుంచెతో గీకి తీయాలి. బూజు పట్టిన చోట బ్లీచింగ్ నీళ్లు వాడవచ్చు. కానీ ఒక్క హెచ్చరిక. బ్లీచింగ్ పౌడరు వాడిన చోట బాత్రూం యాసిడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండూ కలిపితే తెల్లగా మెరుస్తుందని ఎవరో చెప్పారని చేసేవారిని నేను స్వయంగా వారించాను.

బయట కూడా ఒక కన్ను వేయాలి. మిద్దె నీళ్లు దిగే గొట్టం చివర గోడ మొదట్లోనే పడుతూ ఉంటే దాన్ని నాలుగు అడుగులు దూరం జరపాలి. గోడకు ఆనించి పూలమొక్కల మడులు వేసుకోవడం మన ఇళ్లలో సర్వసాధారణం. ఆ మడి తడి గోడలోకి, గోడలోంచి గదిలోకి వస్తుంది. కుండీల విషయంలో రోజూ నీళ్లు పోయాలనే నియమం పెట్టుకోకుండా, పై మట్టి వేలిలోతు వరకు ఎండిన తర్వాతే పోయడం మేలు. కొబ్బరి పొట్టు కలిపిన మట్టి తడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది కనుక దానికి నీళ్లు ఇంకా తగ్గించాలి. ఇంట్లో ఉన్న కుండీని వసారాలోకి మారిస్తే సగం సమస్య తీరుతుంది.

మట్టిలో ఉన్న వాటిని చంపమని మాత్రం నేను చెప్పను. మట్టిలో అవి మనకు మేలు చేసేవే, కుళ్లిన ఆకులను, బూజును తిని ఎరువుగా మార్చడంలో సాయపడతాయి. తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసనను సీమవాళ్లం ఎంత ప్రేమగా ఎదురుచూస్తామో చెప్పనక్కర్లేదు. ఆ వాసనకు ముఖ్య కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. ఆ వాసన స్ప్రింగ్‌టెయిల్స్‌ను ఆకర్షిస్తుందనీ, అవి వచ్చి ఆ సూక్ష్మజీవులను తిని వాటి బీజాలను మరోచోటికి మోసుకుపోతాయనీ 2020లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఇంట్లో తిష్ఠ వేస్తే బయటికి పంపించవలసిన జీవి చేలో ఉంటే ఉండనివ్వవలసిన జీవి అన్నమాట.

ఇక మందుల విషయం. స్ప్రే కొట్టినప్పుడు పైకి కనిపించేవి చస్తాయి, గోడలోపలా బండ కిందా ఉన్నవి చావవు. తడి అలాగే ఉంటుంది కనుక అవి మళ్లీ పెరుగుతాయి. కొన్ని జాతుల్లో ఆడవి మగ తోడు లేకుండానే గుడ్లు పెట్టి సంతతిని పెంచుతాయి కాబట్టి, నాలుగు మిగిలినా చాలు. నేలకు డీడీటీ చల్లినచోట ఈ జీవుల సంఖ్య పెరిగిన సందర్భాలు శాస్త్ర గ్రంథాల్లో నమోదయ్యాయి. వీటిని తిని బతికే మైట్స్ అనే అతి చిన్న జీవులను ఆ మందు చంపేయడమే అందుకు కారణం. మా కాలనీలోనే మరో ఇంటివారి దగ్గరికి వచ్చిన పురుగుల నివారణ మనిషి వీటిని చూసి, ‘ఇవి చెదలమ్మా, ఏడాది కాంట్రాక్టు తీసుకోండి’ అని వేల రూపాయలు చెప్పాడట. చెదలు ఇలా చిటుక్కున గెంతవు, మట్టితో సొరంగాలు కట్టుకుని కొయ్యను తింటాయి. కుక్కల ఒంటిమీద బతికి మనుషులను కుట్టే ఫ్లీ అనే పురుగు కూడా గెంతుతుంది కానీ, అది గోధుమరంగులో గట్టిగా, రెండు పక్కలా నొక్కినట్టు చదునుగా ఉంటుంది. స్ప్రింగ్‌టెయిల్ మెత్తన, వేలితో తాకితే చిదిమిపోతుంది. ఇంత తేడా తెలిస్తే డబ్బూ ఆరోగ్యమూ రెండూ మిగులుతాయి. దద్దుర్లు, దురద ఉన్నవారు చర్మవైద్యుని దగ్గరికి వెళ్లాలి. దోమలు, నల్లులు, గజ్జి, కొన్నిసార్లు బూజు కారణం కావచ్చు. నెమ్ము, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. ఇల్లు ఆరబెట్టడానికి పురుగులకన్నా అది బలమైన కారణం.

పంట మందులు ఇంట్లోకి రావడం గురించి మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పత్తికీ మిరపకూ కొట్టే మందుల్లో అనేకం నరాల మీద పనిచేసేవి. అవి పురుగు నరాలనే కాదు, పిల్లవాడి నరాలనూ దెబ్బతీయగలవు. చేలో గాలికీ ఎండకీ చెదిరిపోయే మందు, చిన్న గవాక్షం తప్ప గాలి దారి లేని స్నానాల గదిలో గోడకూ తువాలుకూ నేలకూ అంటుకుని రోజుల తరబడి ఉంటుంది. పాకే పిల్లలు ఆ నేలమీద చేతులు పెట్టి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు.

1971 నాటి నియమాల ప్రకారం పురుగుమందు డబ్బా మీద విషతీవ్రతను రంగుతో చూపాలి. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివరగా ఆకుపచ్చ. ఈ రంగుల సంగతి తెలిసినవారు రైతుల్లోనే తక్కువ, ఇళ్లలో ఇంకా తక్కువ. పైగా మందును డబ్బాలోంచి నీళ్ల సీసాలోకో, కూల్‌డ్రింక్ సీసాలోకో ఒంపి ఇచ్చిపుచ్చుకుంటే ఆ రంగూ పేరూ రెండూ పోతాయి. 2013 జులైలో బీహారులోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన దుర్ఘటన చాలామందికి గుర్తు ఉండే ఉంటుంది. ఆ వంటనూనెలో కలిసినది మోనోక్రోటోఫాస్ అనే పంట మందే. ఉపాధ్యాయురాలిగా ఆ వార్త చదివిన రోజు నేను పాఠశాలలో వంటగదిలోకి వెళ్లి ప్రతి సీసానూ తెరిచి చూసి వచ్చాను.

ఇప్పటికే ఇంట్లో అటువంటి మందు చల్లి ఉంటే, పిల్లలనూ, గర్భిణులనూ, పెంపుడు జంతువులనూ ముందు ఆ గదికి దూరం చేయాలి. తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. చేతులకు గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో గోడలూ నేలా కడగాలి. కడిగేటప్పుడు ఒంటిమీద ఉన్న బట్టలను వేరుగా ఉతకాలి. ఎవరికైనా వాంతి, చొంగ, చెమట, చూపు మసకబారడం, ఊపిరి ఇబ్బంది కనిపిస్తే వేచి చూడకుండా 108కి ఫోను చేయాలి. వారి ఒంటిమీది బట్టలు తీసి, చర్మాన్ని సబ్బుతో కడగాలి. దానికదే వచ్చే వాంతి వేరు, బలవంతంగా వాంతి చేయించకూడదు. మందు సీసా, చీటీ ఏది ఉన్నా ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లాలి. ఏ మందో తెలిస్తే విరుగుడు వెంటనే ఇవ్వగలుగుతారు. మా పక్క వీధి బిడ్డ విషయంలో సీసా మీద చీటీ లేక, వైద్యులు లక్షణాలను బట్టి ఊహించి చికిత్స మొదలుపెట్టవలసి వచ్చింది.

అందువల్ల రెండు విన్నపాలు. మన ప్రాంతంలో పురుగుమందులు అమ్మే దుకాణదారులు, కొనేవారు ఎంత చిన్న పొలం వారైనా సరే, మందును విడిగా ఒంపి ఇవ్వకుండా చీటీ ఉన్న సీలు డబ్బాలోనే అమ్మాలని కోరుతున్నాను. ఇంటింటికీ తిరిగే ఆశ కార్యకర్తలూ ఏఎన్ఎంలూ వానాకాలంలో దోమల మాట చెప్పేటప్పుడు, పంట మందు ఇంట్లో చల్లవద్దనే మాట కూడా కలిపి చెప్పాలని మనవి. మీ పత్రిక జిల్లా పేజీలో ఆ నాలుగు రంగుల గుర్తులను రంగుల్లోనే, అర్థంతో సహా ఒకసారి అచ్చు వేస్తే, ఆ ముక్క కత్తిరించి మా వీధి ఇళ్లన్నిటికీ నేను స్వయంగా పంచుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కర్నూలు.